ఇంజిన్ కూర్చున్నాకే మ్యానిఫోల్డ్

ఇప్పటి పిల్లకాయలు ఇంజిన్ ఇంటికి రాకముందే మ్యానిఫోల్డ్ కొనేస్తున్నారు. ఫోన్లో ఫోటో చూస్తారు. తళతళలాడే స్టీలు పైపులు నాలుగు వంపులు తిరిగి ఒకచోట కలుస్తుంటాయి. డబ్బు కట్టేస్తారు. పార్సిలు వచ్చినాక పాత జీపు, కొత్త ఇంజిన్, ఆ అట్టపెట్టె మూడూ తెచ్చి షెడ్డు ముందర దించి, "తాతా, దీన్ని తగిలించు" అంటారు. మా రోజుల్లో ఆ మాట అన్నవాణ్ని మా మేస్త్రి షెడ్డు లోపలికి రానిచ్చేవాడు కాదు. ఇంజిన్ మార్పిడిలో, సిలిండర్ల పొగను ఒకచోట కలిపి బయటికి పంపే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ ఆఖరున ఎంచుకోవాల్సిన సామాను. ఇంజిన్ ఛాసిస్ మీద కుదురుగా కూర్చోవాల. స్టీరింగు రాడ్డు, క్లచ్చు లింకు, సెల్ఫ్ మోటారు, బ్రేకు పైపులు దేని దారి అది పట్టాల. అప్పుడు మిగిలిన ఖాళీని చూసి, ఆ ఖాళీలో పట్టేదాన్ని, ఆ బండి చేసే పనికి సరిపోయేదాన్ని తెచ్చుకోవాల. ఇంత చిన్న సంగతి నలభై ఏళ్ల కిందట పానాలు అందించే కుర్రవాడికి తెలిసేది. ఇప్పుడు ఇంజినీరింగు చదివినవాడికి తెలియడం లేదు.

ఇంజిన్లు మార్చడం మా అనంతపురానికి నిన్న మొన్న వచ్చిన సరదా కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదీ పడాల్సినప్పుడు పడదు. వేసిన చెనక్కాయ విత్తనం తిరిగొస్తే చాలనుకునే ఏడాదులు ఎన్నో చూసినాం. అట్లాంటి చోట 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టినాయి. పెట్రోలు ధర ఎగిరింది. డీజిలు మాత్రం ప్రభుత్వం పట్టి ఉంచిన ధరకు దొరికేది. అప్పటికి మా పల్లెల్లో తిరిగే జీపులన్నీ మహీంద్రా వాళ్ల విల్లీస్ జీపులు. వాటిలో ఉండేది 2.2 లీటర్ల హరికేన్ పెట్రోలు ఇంజిన్. ప్రభుత్వ శాఖలు వేలం వేసిన జీపులు కొనుక్కుని, కదిరి, ముదిగుబ్బ, కళ్యాణదుర్గం, రాయదుర్గం దారుల్లో, బస్సు పోని ఊళ్లకు మనుషుల్నీ చెనక్కాయ మూటల్నీ తోలి బతికేవాళ్లు వందలమంది. పెట్రోలు పోసి ఆ బండి నడిపితే బాడుగంతా బంకుకే చెల్లు. ఇంజిన్ మార్చుకున్నవాడే బతికి బట్టకట్టినాడు.

మార్చేదానికి ఏవి దొరికితే అవి. మద్రాసు సింప్సన్ కంపెనీ చేసిన పెర్కిన్స్ డీజిలు ఇంజిన్లు కొన్ని, ట్రాక్టర్లలోంచి తీసినవి కొన్ని. తర్వాత్తర్వాత మెటడార్ వ్యాన్లవి, ఆ తర్వాత మహీంద్రా జీపుల్లో వచ్చిన పెజో డీజిలు ఇంజిన్లు. అంబాసిడర్ కార్లదీ అదే కథ. హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు తామే 1489 సీసీ డీజిలు ఇంజిన్ పెట్టి అమ్మకముందే మా వాళ్లు పెట్రోలు అంబాసిడర్లలో డీజిళ్లు బిగించి టాక్సీలు తిప్పుతుండేవాళ్లు. ఇంజిన్ ఒక కంపెనీది, గేరుబాక్సు ఇంకో కంపెనీది, రెంటికీ మధ్య లేత్ మీద కోసి డ్రిల్లు వేసిన అడాప్టర్ ప్లేటు. ఆ ప్లేటు ఒక్క నూలు పక్కకు పోయినా మూడు నెలలకే క్లచ్చు షాఫ్టు బేరింగు ఏడుస్తుంది. కొలత అంటే ఏమిటో మాకు నేర్పింది ఆ పనే.

మ్యానిఫోల్డ్ దగ్గరికొస్తే ఆ కొలత ఇంకా కఠినం. హరికేన్ ఇంజిన్లో గాలి లోపలికొచ్చే వాల్వు పైన హెడ్డులో ఉంటుంది, పొగ బయటికి పోయే వాల్వు కింద బ్లాకులో ఉంటుంది. కాబట్టి దాని ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ బ్లాకు పక్కన, కిందుగా అంటిపెట్టుకుని ఉండేది. డీజిలు ఇంజిన్లలో మ్యానిఫోల్డ్ హెడ్డుకు బిగుస్తుంది. అంటే అదే జీపులో అదే చోట ఇంజిన్ దించినా, నిప్పులాంటి ఇనుము జానెడు పైకి లేస్తుంది. అంతకుముందు చల్లగా ఉన్న చోట డీజిలు పైపు, వైర్లు ఉంటే అవి కాలతాయి. అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ది ఇంకో తీరు. దానికి సిలిండర్లు నాలుగు, పొగ దారులు మూడే. నడుమ రెండు సిలిండర్లకూ కలిపి ఒకటే దారి. పైగా కార్బొరేటర్ కూర్చునే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ మీదే ఆనుకుని ఉంటుంది. పెట్రోలు ఆవిరి కావడానికి ఆ వేడి కావాల. డీజిలుకు ఆ వేడితో పనిలేదు. లోపలికి పోయే గాలి ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. ఇన్ని తేడాలున్న చోట, ఒక బండి మ్యానిఫోల్డ్ ఇంకో బండికి పనికొస్తుందని ఫోటో చూసి ఎట్లా చెప్తారు?

మేము ఎట్లా చేసేవాళ్లమో చెప్తాను. ముందు ఇంజిన్, గేరుబాక్సు మౌంటింగుల మీద కూర్చోబెట్టి బోల్టులు బిగించేవాళ్లం. బానెట్టు మూసి చూసేవాళ్లం. స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, క్లచ్చు పెడలు అడుగుదాకా తొక్కి, దేనికి ఏది తగులుతుందో చూసేవాళ్లం. తర్వాత హెడ్డు మీద పాత కార్డుబోర్డు ఆనించి, చిన్న సుత్తితో అంచుల వెంబడి తట్టితే పోర్టుల అచ్చు, స్టడ్డుల అచ్చు పడుతుంది. దాన్ని కత్తిరించుకుని జేబులో పెట్టుకునేవాళ్లం. ఆ తర్వాత లావుపాటి కట్టుతీగ తీసుకుని, పొగ పైపు ఏ దారిన దిగాలో ఆ దారినే వంచేవాళ్లం. స్టీరింగు బాక్సు పక్కనుంచి, ఛాసిస్ లోపలి వైపుగా, గేరుబాక్సు వెంబడి వెనక్కి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది. అందులోనూ డీజిలు ఇంజిన్ స్టార్టు చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఒళ్లంతా విదిలిస్తుంది. అందుకే తీగకు చుట్టూ రెండు వేళ్ల ఖాళీ లేకపోతే ఆ దారి పనికిరాదని మళ్లీ వంచేవాళ్లం.

ఆ అచ్చు, ఆ తీగ పట్టుకుని రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి బెంగళూరు. శివాజీనగర్ గుజిరీలో కుప్పలు కుప్పలు మ్యానిఫోల్డులు. కొత్తవి కావాలంటే జేసీ రోడ్డు. కార్డుబోర్డు అచ్చు సరిపోయినవి నాలుగైదు పక్కన పెట్టుకుని, తీగ చూపిన వైపు మూతి తిరిగి ఉన్నదాన్ని ఎంచుకునేవాళ్లం. దాన్ని తాడుకు వేలాడదీసి సుత్తితో తట్టాల. గంటలాగా కంగుమంటే మంచిది, బద్దలైనట్టు మోగితే లోపల చీలిక ఉన్నట్టు. అనుమానం ఉంటే కిరసనాయిలు పూసి, తుడిచి, పైన సుద్దపొడి చల్లేవాళ్లం. చీలిక ఉంటే కాసేపట్లో తడిగీత తెల్లపొడి మీద తేలుతుంది. తర్వాత మొహం మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి కింద ఫిల్లర్ గేజి దూర్చి చూసేవాళ్లం. పాత మ్యానిఫోల్డులు వేడికి విల్లులా వంగిపోయి ఉంటాయి. కొద్దిగా వంగితే గ్రైండింగు చేయించేవాళ్లం. ఎక్కువ వంగితే అది ఎంత చవకైనా వదిలేసేవాళ్లం. ఇప్పుడు కొత్త పెట్టె విప్పి స్కేలు పెట్టి చూసే కుర్రవాడు నాకు ఒక్కడు కనబడలేదు. కొత్తది కదా, వంకర ఎందుకుంటుంది అంటారు. పల్చటి ఫ్లాంజి మీద గబగబా వెల్డింగు చేసి, చల్లారకముందే పెట్టెలో పెట్టి పంపినవి ఎన్ని వచ్చినాయో నేను చూసినాను. బల్ల మీద పెడితే ఫ్లాంజి కింద ఈ కొస నుంచి ఆ కొసదాకా వెలుతురు కనబడుతుంది.

ఇక పోత ఇనుమా, స్టీలు పైపులా అన్న గొడవ. ఇప్పటివాళ్లకు పోత ఇనుము అంటే పాత సామాను, బరువు సామాను. పైపులతో చేసిన హెడర్ అంటే రేసు కారు. నేను హెడర్లను తప్పు పట్టను. దేనికోసం పుట్టిందో దానికి అది బ్రహ్మాండమైన వస్తువు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 1-3-4-2 వరసలో పేలుతుంది. ఒకటీ నాలుగూ, రెండూ మూడూ జతలు కట్టి పైపులు కలిపితే ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డుపడదు. ఒక సిలిండర్ పొగ ముందుకు దూసుకుపోతూ వెనక మిగిలిన పొగను కూడా లాక్కుపోతుంది. దాన్ని ఫోర్-టూ-వన్ అంటారు. నాలుగూ ఒకేచోట కలిపేది ఫోర్-వన్. ఇది ఇంజిన్ బాగా గిర్రున తిరిగేటప్పుడు, అయిదారు వేల చుట్ల మీద, పని చూపిస్తుంది. పైపు పొడవు, లావు రెండూ ఆ చుట్లకు లెక్కగట్టి ఉంటాయి.

మా బండ్లు ఆరువేల చుట్లు ఎప్పుడు తిరిగినాయి? కళ్యాణదుర్గం దారిలో మూటలేసుకుని రెండో గేరులో గట్టు ఎక్కే బండికి కావాల్సింది పన్నెండు వందల నుంచి రెండువేల చుట్లలో లాగుడు. అక్కడ లావు పైపు పెడితే పొగ మెల్లగా నడుస్తుంది, ఊపు పోతుంది, కింద లాగుడు చస్తుంది. దానికి వీళ్లు చెప్పే కారణం "బ్యాక్ ప్రెషర్ తగ్గింది తాతా" అని. బ్యాక్ ప్రెషర్ ఏ ఇంజిన్‌కూ మంచిది కాదు. పోయింది పొగ వేగం. సన్నపైపులో పొగ జోరుగా పోతుంది కాబట్టి తక్కువ చుట్లలో ఆ లాగుడు ఉంటుంది. ఆ చుట్లకు సరిపడే లావు చూసుకోవాల. అంతకుమించి లావు పైపు కొనడం డబ్బు పెట్టి బలం పోగొట్టుకోవడమే.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. బరువు మీద ఉన్న డీజిలు ఇంజిన్ పొగ ఐదు ఆరు వందల డిగ్రీలుంటుంది. పెట్రోలు ఇంజిన్ది ఎనిమిది వందలు దాటుతుంది. వేడికి ఇనుము పెరుగుతుంది. అర మీటరు పొడవున్న ముక్క ఆరు వందల డిగ్రీలు వేడెక్కితే పోత ఇనుమైతే మూడు మిల్లీమీటర్ల పైచిలుకు పెరుగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలైతే ఐదు మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ పెరుగుదలకు చోటు ఇవ్వకపోతే స్టడ్డు విరగాల, లేదా వెల్డింగు చీలాల. ఈ పాఠం మా షెడ్డుకు చెప్పింది గుత్తి డీజిల్ షెడ్డులో పనిచేసి రిటైరైన ఒక ఫిట్టరు. రైలింజిన్లలోని ఆల్కో ఇంజిన్లకు పొగ మ్యానిఫోల్డ్ ముక్కలు ముక్కలుగా ఉండి, ముక్కకూ ముక్కకూ మధ్య వేడికి సాగి ముడుచుకునే కీలు ఉంటుందని ఆయన గీసి చూపించినాడు. "అంత పెద్ద ఇంజిన్ చేసినోళ్లే ఇనుముకు చోటు పెట్టినారు, నువ్వెందుకు పెట్టవప్పా?" అని అడిగేవాడు. అప్పటినుంచి మ్యానిఫోల్డ్ నడిమి రంధ్రాలు బిగుతుగా ఉంచి, అంచుల రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలో సాగదీసేవాళ్లం. నట్లు నడుమనుంచి మొదలుపెట్టి రెండు వైపులకూ బిగించేవాళ్లం. ఇంజిన్ వేడెక్కి చల్లారినాక మళ్లీ ఒకసారి బిగించేవాళ్లం. ఇనుప నట్లు కాలి స్టడ్డుకు అతుక్కుపోతాయి కాబట్టి ఇత్తడి నట్లు వాడేవాళ్లం. ఈ రెండోసారి బిగించడం అనే పని ఇప్పుడు పూర్తిగా మాయమైంది. బండి తీసుకుపోయినవాడు మళ్లీ రాడు. వచ్చేటప్పటికి టిక్ టిక్ మని పొగ కారుతూ వస్తాడు.

టర్బో ఇంజిన్లు వచ్చినాక పని ఇంకా నాజూకైంది. ఇప్పుడు పాత జీపుల్లో బొలేరో ఇంజిన్లు, స్కార్పియో ఇంజిన్లు దించుతున్నారు. టర్బో మొత్తం బరువు మ్యానిఫోల్డ్ మీదే వేలాడుతుంది. ఒకటిన్నర మిల్లీమీటరు మందం పైపులతో అతికించిన మ్యానిఫోల్డ్ ఆ బరువును, ఆ అదురును మా గుంతల రోడ్ల మీద ఎన్నాళ్లు మోస్తుంది? చేయించుకోక తప్పని పరిస్థితి వస్తే, మూడున్నర మిల్లీమీటర్ల మందం ఉండే ఆవిరి పైపు వంపులతో, వేలెడు మందం ఫ్లాంజితో చేయించాల. టర్బోకు కింద ఒక ఆసరా పట్టీ పెట్టాల. ఆ ఇంజిన్‌తో పుట్టిన పోత మ్యానిఫోల్డే స్టీరింగుకు తగలకుండా కూర్చుంటే దాన్ని మించింది లేదు. కిందికి దిగే పైపుకు మొదటి పట్టీ గేరుబాక్సుకు కట్టాల. పైపు ఛాసిస్‌కు కట్టి, ఇంజిన్ రబ్బరు మీద ఊగితే ఆ ఊగుడంతా మ్యానిఫోల్డ్ మెడ మీద పడుతుంది. అందుకే మధ్యలో వంగే జాలీ పైపు ముక్క ఉండాల. ఇవన్నీ చేసి ఖర్చెంత అవుతుందంటే, తళతళలాడే ఆ హెడర్ ఖరీదుకు మించదు.

మా కాలంలో లేని ఒక చిక్కు ఇప్పుడుంది. ఈనాటి ఇంజిన్‌కు మ్యానిఫోల్డ్ పక్కనే ఆక్సిజన్ సెన్సరు, దాని వెంటే కెటాలిటిక్ కన్వర్టర్ ఉంటాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చినాక డీజిలు బండ్లకు మసి పట్టే ఫిల్టరు కూడా ఆ దరిదాపుల్లోనే కూర్చుంది. పెట్రోలు ఇంజిన్ మ్యానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర వెంట్రుకంత సందుంటే పొగ బయటికి రావడం ఒక్కటే కాదు, పొగ అలల మధ్యలో బయటి గాలి లోపలికి కూడా పోతుంది. సెన్సరు ఆ గాలిని చూసి పెట్రోలు చాలలేదనుకుంటుంది. కంప్యూటరు ఇంకా పోస్తుంది. బండి పెట్రోలు తాగేసి నల్లపొగ వదులుతుంది. వీళ్లు ల్యాప్‌టాప్ తగిలించి రెండురోజులు వెతుకుతారు. సబ్బునీళ్లు పోసి బుడగలు చూస్తే చల్లటి ఇంజిన్ మీద నిమిషంలో తేలే రోగం అది.

ఇంతవరకు చెప్పింది డబ్బు నష్టం. అసలు నాకు కడుపుమంట ఎక్కడంటే మనుషుల ప్రాణాలతో ఆడుకోవడం. మ్యానిఫోల్డ్ నుంచి కారే పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. మా రోజుల్లో ఒక్కో జీపులో పదిహేను ఇరవైమంది కూర్చునేవాళ్లు. చలికాలం టార్పాలిన్ దించేవాళ్లు. మ్యానిఫోల్డ్ కారితే ముందర కూర్చున్న ముసలమ్మకు తలనొప్పి, పిల్లవాడికి వాంతులు. అందుకే మా మేస్త్రి ప్రతి బండీ వదిలేముందు మ్యానిఫోల్డ్ చుట్టూ అరచెయ్యి కాస్త దూరంగా తిప్పి, సైలెన్సర్ కొస గుడ్డతో ఒక్కక్షణం మూయించి, ఎక్కడైనా చెవికి వినబడుతుందా అని చూసేవాడు. ఇప్పుడు ఏసీ వేసి అద్దాలన్నీ బిగించుకున్న బండిలో భార్యాబిడ్డల్ని కూర్చోబెట్టుకుని తిరుపతికి పోతున్నారు. సైలెన్సర్ మోత ఎంత బాగుందో మాట్లాడతారు కానీ బానెట్టు కింద పొగ కారుతోందా లేదా ఎవరూ అడగరు.

మా నేలకు ఇంకో ప్రమాదం ఉంది. పంట ఇళ్లకొచ్చే రోజుల్లో రైతులు ఉలవ కట్టె తెచ్చి తారురోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఆ ఎండు కట్టె బండి కిందికి చుట్టుకుని కాలుతున్న పైపుకు, కన్వర్టర్‌కు అంటుకుంటే మంటే. పాత జీపుకు పొగ పైపు ఛాసిస్ నీడలో, ఎత్తుగా పోయేది. ఇప్పుడు కొత్త ఇంజిన్‌కు దొరికిన హెడర్ మూతి ఎటు తిరిగితే అటు, నేలకు జానెడు ఎత్తులో పైపు దించేస్తున్నారు. కింద రేకు కవచం ఉండదు. నవంబరు, డిసెంబరు నెలల్లో బండి నడిపేవాడికి ఇది చిన్న విషయం కాదు. బెంగళూరులోనో పుణెలోనో కూర్చుని హెడర్ చేసేవాడికి ఉలవ కట్టె సంగతి తెలియదు. ఇక్కడ బిగించేవాడికి తెలియాల.

కొత్తకాలంలో మంచి లేదా అంటే ఉంది. ఆ రోజుల్లో మేము గాస్కెట్లు ఆస్‌బెస్టాస్ షీటుతో కోసేవాళ్లం. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుందని అప్పుడెవరూ చెప్పలేదు. ఇప్పుడు గ్రాఫైట్ షీటు, పొరల స్టీలు గాస్కెట్లు దొరుకుతున్నాయి. అవి అన్ని విధాలా మేలు. వాటిని వదిలి పాతవాటి కోసం వెతకొద్దు. పోర్టులు కంప్యూటరులో కొలిచి లేజరుతో ఫ్లాంజి కోసిస్తున్నారు. మేము ఆకురాయి పట్టుకుని పూటంతా రుద్దిన పని పది నిమిషాల్లో అవుతోంది. వెల్డింగులో ఆర్గాన్ వచ్చింది. పోత ఇనుము చీలితే మేము బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, గ్యాసుతో అతికి, బూడిదలో పూడ్చి రాత్రంతా చల్లార్చేవాళ్లం. ఇప్పుడు నికెల్ రాడ్లు దొరుకుతున్నాయి. ఇన్ని సౌకర్యాలు చేతిలో ఉన్నవాడు మా కంటే పదింతలు మంచి పని చెయ్యాల. కొలవడం మానేసినందుకే చెయ్యలేకపోతున్నారు.

మార్చే కారణం కూడా మారిపోయింది. మాకు డీజిలు కావాల్సి వచ్చింది కడుపు కోసం. 2010 జూన్లో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను ప్రభుత్వం మార్కెట్‌కు వదిలేసింది. రెంటికీ మధ్య ఉన్న అగాధం చాలావరకు పూడిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా అదే 2014 మే నెలలో ఆగిపోయింది. ఇప్పుడు ఇంజిన్ మార్చేవాడు బలం కోసం, మోత కోసం మారుస్తున్నాడు. మోజు తప్పని నేను అనను. పాత జీపును బతికించుకోవాలన్న ప్రేమ మంచిదే. ఆ ప్రేమ ఉన్నవాడు చట్టం కూడా తెలుసుకోవాల. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలకు, కంపెనీ మొదట చెప్పిన లెక్కలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందు ఆర్టీవో ఆఫీసు అనుమతి, తర్వాత కాగితంలో కొత్త ఇంజిన్ నంబరు. మా రోజుల్లో కూడా పెట్రోలు అని ఉన్న చోట డీజిలు అని రాయించుకోనిదే మా మేస్త్రి తాళంచెవి ఇచ్చేవాడు కాదు. యాక్సిడెంటు జరిగిన రోజున ఇన్సూరెన్సువాడు మొదట చూసేది ఆ నంబరే.

కాబట్టి అబ్బీ, మ్యానిఫోల్డ్ ఏది కొనాలని అడిగేముందు ఈ ప్రశ్నలకు జవాబు తెచ్చుకో. నీ బండి ఎంత బరువు మోస్తుంది, ఏ రోడ్డున తిరుగుతుంది, ఇంజిన్ ఎక్కువసేపు ఎన్ని చుట్ల మీద నడుస్తుంది? పోర్టులు ఎన్ని, ఏ ఆకారం, స్టడ్డుల మధ్య దూరం ఎంత? మ్యానిఫోల్డ్ ఉన్న పక్క స్టీరింగు ఉందా, సెల్ఫ్ మోటారు ఉందా, బ్రేకు పైపు ఉందా, వాటికీ ఇనుముకూ మధ్య రెండు వేళ్లు పడతాయా? టర్బో ఉందా? సెన్సరుకు చోటు ఉందా? ఫ్లాంజి ఎంత మందం, మొహం తిన్నగా ఉందా? పొగ పైపు ఏ దారిన దిగి ఎంత ఎత్తులో వెనక్కి పోతుంది? వీటికి జవాబు రాసుకున్నవాడికి కొనాల్సిన వస్తువు తనంతట తానే తేలుతుంది. చాలాసార్లు అది గుజిరీలో దుమ్ము పట్టి ఉన్న పోత ఇనుప ముక్కే అవుతుంది. కొన్నిసార్లు చేతితో చేయించాల్సిన పైపుల మ్యానిఫోల్డ్ అవుతుంది. ఏదైనా సరే, కొలత చెప్పాల.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేసే శక్తితో దాన్ని కట్టినారు. జిల్లాలు విడగొట్టినాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది కానీ అదీ మా కరువు నేలే. అనంతపురంలో 1946 నాటి ఇంజినీరింగు కాలేజీ ఉంది, పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐలు ఉన్నాయి. ఇన్ని ఉండి కూడా ఒక ఫ్లాంజి మొహం మీద స్కేలు పెట్టి వెలుతురు చూడగలిగిన కుర్రవాళ్లు తగ్గిపోతున్నారంటే తప్పు పిల్లలదొక్కటే కాదు. చేతిపని తెలిసిన మేస్త్రులు షెడ్లలో ఇంకా కొందరున్నారు. కాలేజీలు, ఐటీఐలు వాళ్లను వారానికి ఒకరోజు పిలిచి, పాత ఇంజిన్ ఒకటి ముందర పెట్టి, విప్పించి, కొలిపించి, మళ్లీ బిగింపించాల. పిల్లల చేతికి ఫిల్లర్ గేజి, కార్డుబోర్డు, కట్టుతీగ ఇవ్వాల. కార్లు పుట్టే జిల్లాలో కారు ఎట్లా ఊపిరి విడుస్తుందో తెలిసిన చేతులు కూడా పుట్టాల. నేర్పమని అడిగితే నాలాంటి వాళ్లు డబ్బు ఆశించకుండా వస్తారు. అడగండి.